తెగాల్సిన కొరంబు

కావలి రోజు 201. రోహిణి కార్తె, తొమ్మిదో రోజు.

పొద్దున్న ఆరింటికి ఏటి కొలత: గుంజ మీద రెండో గీతకి జానెడు కింద. ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. మార్పులు: ఉన్నాయి.

మార్పులు లేకపోతే 'లేవు' అని రాసి ఈ కావలి పుస్తకం మూసెయ్యమని పరిరక్షణ కేంద్రం వాళ్ళు శిక్షణలో చెప్పారు. యాభై ఎనిమిదేళ్ళు నెత్తిన పడ్డాయి, అందులో ముప్ఫై ఏళ్ళు జీలుగేరు నీళ్ళు పంచినదాన్ని. 'లేవు' అని రాసి ఊరుకోవడం ఈ తవిటమ్మ వల్ల కాదు. కేంద్రంలో చదివేవాళ్ళు చదువుతారు, లేకపోతే లేదు.

గట్టువలసలో అసిరినాయుడి మేక గోడెక్కి ఒక రాయి కింద పడేసింది. ముప్పావుగంటలో పేడపురుగులు వచ్చి అదే రాయిని, అదే చోట, అదే ముఖం బయటికి ఉండేలా పెట్టి పోయాయి. లోవపేటలో సన్నమ్మ వదిన గుమ్మం పక్కన నాలుగు బెండమొక్కలు వేసుకుంది. సర్వే నాటికి అక్కడ మొక్కల్లేవట, పీకేశాయి. వదిన ఊరికే ఉంటుందా, ఏడు తరాలూ తిట్టింది. వాటికి చెవులుంటే కదా.

పేడపురుగులన్నది మా మాట. కాగితాల్లో 'యథాతథ పరిరక్షణ యంత్రాలు'. చెంబు మూతంత ఉంటాయి. మట్టిని ఉండలు చుట్టి కాళ్ళతో దొర్లించుకుపోతాయి కాబట్టి పిల్లలు ఆ పేరు పెట్టారు. కిందటి కార్తీకంలో వేలకి వేలు దిగాయి. రెండేళ్ళ కిందట సర్వేలో ఈ లోయ ఎలా కనబడిందో అలాగే ఉంచడం వాటి పని. వాటిని చూసే రాళ్ళ కంపెనీ మా బోడికొండ జోలికి రావడం మానింది. అందుకు వాటికి రోజూ ఒక దణ్ణం పెడతాను. కొండ పోతే ఊటలు పోతాయి, ఊటలు పోతే ఏరు ఎండుతుంది, ఆ తర్వాత మేమెవరం?

నా భయం వేరే. ఆరు రోజుల్లో మృగశిర. ఈలోపు కొరంబు కొయ్యాలి.

తెలియనివాళ్ళు చదివితే అర్థం కావాలి కదా, రాస్తున్నాను. కొరంబంటే ఏటికి అడ్డంగా గుంజలు పాతి, కంపలు కట్టి, ఇసుకా బంకమట్టీ ఎత్తిపోసే అడ్డుకట్ట. వానలు వెనకపట్టాక కడతాం. నీళ్ళు కాలవలోకి తిరిగి పై ఊరు గట్టువలస పొలాలు తడుస్తాయి. మళ్ళీ వానలకి ముందు మేమే కోసేస్తాం. కొయ్యకపోతే కొండవరద దానికి గుద్దుకుని ఎడమగట్టు దాటి పాత పాయలో పడుతుంది. ఆ పాయలోనే లోవపేట ఉంది, నలభై మూడు ఇళ్ళు.

అందుకే కోతలో తొలిపోటు లోవపేట వాళ్ళది. నీళ్ళు వాడుకునేది పై ఊరు, మునిగేది కింద ఊరు, కాబట్టి కొయ్యమనే హక్కు మునిగేవాళ్ళది. వాళ్ళింటి ఆడమనిషి గునపం దించేదాకా గట్టువలస మగాళ్ళు పారలు తిరగేసి పట్టుకుని నిలబడాలి. మా తాతల నాడూ అంతే.

కావలి రోజు 203. రోహిణి, పదకొండో రోజు.

కోశాం. సన్నమ్మ వదిన తొలిపోటు వేసింది. అరవై ఆరేళ్ళ మనిషి, ఆ గునపం దింపడం చూస్తే కుర్రాళ్ళకి సిగ్గెయ్యాలి. ఎనిమిదింటికల్లా మూడు బారల గండి పడింది. అందరం ఒడ్డున కూర్చుని అంబలి తాగాం.

చెంబులు కడుక్కుని చూసేసరికి గండి లేదు.

పేడపురుగులు బారులు తీరి వచ్చి పూడ్చేశాయి. మళ్ళీ కోశాం. ఇరవైమంది గంటసేపు తవ్వినదాన్ని అవి ఇరవై నిమిషాల్లో కప్పేశాయి. పైగా వాటి నోట్లోంచి ఏదో జిగురు కక్కి మట్టిని బిగిస్తున్నాయి. మేం కట్టిన కొరంబు వరద తగిలితే కరిగిపోయేది. ఇది రాయిలా గట్టిపడుతోంది.

"మంచిదేకదప్పా," అన్నాడు అసిరినాయుడు. గట్టువలసకి పెద్ద అతను, నాకు తమ్ముడి వరస. మా వైపు అప్ప అంటే అక్క. "జేష్టంలోనే కాలవ నిండా నీళ్ళు. నారుమళ్ళకి ఎదురుసూపు నేదు."

సన్నమ్మ వదిన అతని వైపు చూసి, గునపం భుజాన వేసుకుని ఊరి దారి పట్టింది.

కావలి రోజు 204. రోహిణి, పన్నెండో రోజు.

కేంద్రంలో ఇందుమతి గారితో గోడపెట్టెలో మాట్లాడాను. మా లోయకి ఆవిడే అధికారి. మంచి మనిషి, ఎదటివాళ్ళ మాట పూర్తిగా వింటుంది.

"తవిటమ్మ గారూ, రికార్డులో 'పూర్వీకుల నాటి శాశ్వత కట్ట, ఎన్నడూ తెగలేదు' అని ఉంది. మీ వాంగ్మూలమే. దాన్ని యంత్రాలు ఎలా వదులుతాయి?"

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడితే పడనీ, రాస్తున్నాను.

సర్వేవాళ్ళు శ్రావణంలో వచ్చారు. అప్పటికి కొరంబు కోసేసి ఉంది, ఏటి నడుమ విరిగిన గుంజలు, కుళ్ళిన కంపలు. మాకు కోటల్లేవు, శాసనాల్లేవు. రాళ్ళ కంపెనీ కొండ కిందికి వచ్చి కూర్చుంది. పాతది ఏదో ఒకటి చూపించకపోతే రక్షణ రాదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టు, వచ్చినవాళ్ళ ముందు తెగిన కట్ట చూపించడానికి మాకు నామోషీ వేసింది. ఆ ఏడు వానల్లేక ఏరు మోకాలి లోతే. రెండు రోజుల్లో కొరంబు మళ్ళీ కట్టి, ముందువైపు ఏటిరాళ్ళు పేర్చి, పసుపు రాసి బొట్లు పెట్టాం. ఎప్పుడైనా తెగిందా అని అడిగారు. ఎన్నడూ తెగలేదని చెప్పింది నేనే. నా వేలిముద్ర, అసిరినాయుడిది, సన్నమ్మ వదిన మొగుడు కూర్మయ్య అన్నది. అన్న నిరుడు పోయాడు.

తెగడమే దాని గొప్పని ఆవేళ ఒక్కరికీ తోచలేదు. నాక్కూడా తోచలేదు, అదే నా ఏడుపు.

ఇదంతా ఇందుమతి గారికి చెప్పేశాను. ఆవిడ కాగితాలు తిరగేసింది.

"వాంగ్మూలం వెనక్కి తీసుకోవచ్చు. బతికున్న ఇద్దరూ వేలిముద్ర వెయ్యాలి. వేసిన క్షణం యంత్రాలు ఆగిపోతాయి. కానీ రక్షణ కూడా ఆ క్షణమే ఆగిపోతుంది. కంపెనీ పాత దరఖాస్తుకి ప్రాణం వస్తుంది. కొండ మీద పద్దెనిమిది చోట్ల గుర్తులు పెట్టుకున్నారు. పదిహేను రోజుల్లో ఆ పద్దెనిమిదీ తవ్వగలిగితే కొండ వాళ్ళది. తవ్వలేకపోతే దరఖాస్తు రద్దయి, మీ లోయకి కొత్త సర్వే జరుగుతుంది."

"మీరు ఆపలేరామ్మా?"

"రికార్డు మారకుండా నేనేమీ చెయ్యలేను. లోవపేట ఖాళీ చేయించడానికి బళ్ళు పంపగలను. ఇళ్ళు కొట్టుకుపోయినా యంత్రాలు అచ్చం అలాగే కట్టేస్తాయి."

ఈ మాట వదినకి చెప్పాను. ఆవిడ చేట కింద పెట్టింది. "ఏరు ఒక్కసారి పాత పాయ పట్టిందంటే మరి ఎనక్కి తిరగదు. మా ఊరే ఏరైపోతాది. ఏటి మద్దిన గోడలు కడతాయేటి ఆ పురుగులు?"

కావలి రోజు 205. రోహిణి, పదమూడో రోజు.

నా వేలిముద్ర వేసేశాను. వేలిముద్రలు తీసుకునే చేతిపెట్టె పట్టుకుని అసిరినాయుడి ఇంటికి వెళ్ళాను.

"వెయ్యనప్పా," అన్నాడు.

"ఒరే, నలభై మూడు ఇళ్ళురా."

"నలబై మూడు ఇళ్ళోళ్ళనీ మా ఇళ్ళల్లో ఎట్టుకుంటాం. నా ఇంట్లో మూడు సంసారాలు ఎట్టుకుంటాను, మాటిస్తన్నాను. కొండ పోతే కొండనెవులింట్లో ఎట్టుకుంటావు?"

అతను దుర్మార్గుడు కాదు. అతని పొలానికి నీళ్ళొచ్చే ఊట బోడికొండ పొట్టలోనే పుడుతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో వాడి గుమ్మంలో నిలబడితే తెలిసింది. అయినా కోపం వచ్చింది. నోటికొచ్చిన నాలుగు మాటలూ అనేసి వచ్చాను. వాడి పెళ్ళాం మజ్జిగ ఇస్తే తాగకుండా వచ్చాను, అది మాత్రం తప్పు.

మధ్యాహ్నం బోడికొండ వెనక మబ్బు పట్టింది.

కావలి రోజు 206. రోహిణి, ఆఖరి రోజు.

ఏటి కొలత: రెండో గీత మీద. ఇక్కడ చుక్క పడలేదు, కొండ మీద పడినట్టుంది.

పొద్దున్న లోవపేట ఆడవాళ్ళు పన్నెండుమంది కొరంబు మీదికి వచ్చారు. మళ్ళీ కొయ్యడం మొదలెట్టారు. ఉపయోగం లేదని చెప్పబోయాను. వదిన వినిపించుకోలేదు. గట్టిపడిన మట్టి కదా, ఒకటిన్నర బార గండి పడేసరికి పదైంది. పేడపురుగులు ఉండలు దొర్లించుకుంటూ వచ్చాయి. వదిన చీర పైకి దోపి గండిలోకి దిగి నిలబడింది.

పురుగులు ఆగిపోయాయి.

మనిషి ఉన్నచోట అవి మట్టి పెట్టవు. మనుషులకి దెబ్బ తగలకూడదని వాటి ధర్మమట. వదిన బెండమొక్కల దగ్గర చీపురు పట్టుకుని నిలబడినప్పుడే కనిపెట్టిందట ఆ సంగతి. నాకు చెప్పలేదు, చెబితే పుస్తకంలో రాసేస్తానని. రాస్తానుగా మరి.

అప్పట్నుంచి వంతులేసుకుని నిలబడుతున్నారు, గండికి అడ్డంగా ఆరుగురు భుజం భుజం ఆనించి. చుట్టూ పురుగులు మట్టి ఉండలు పట్టుకుని, పంక్తి ఎప్పుడు లేస్తుందా అని చూసే రెండో బంతి వాళ్ళలా కాసుక్కూర్చున్నాయి. గండి ఇంకా వెడల్పు చేద్దామంటే ఆ పన్నెండుమందీ చాలరు. గట్టువలస మగాళ్ళు ఒడ్డు మీద పారలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ దిగలేదు. అసిరినాయుడు దిగొద్దన్నాడట.

కావలి రోజు 207. మృగశిర, మొదటి రోజు.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదకొండింటికి ఏటి రంగు మారింది. ఎర్రగా, నురగతో, మీద ఎండాకులు. పై నుంచి వరద బయల్దేరిందని ఇంకెవరూ చెప్పక్కర్లేదు. కొలత మూడో గీత. గండిలో ఆరుగురూ నడుం లోతు నీళ్ళలో ఉన్నారు.

పైకి రమ్మని అరిచాను. చివరనున్న పిల్ల, మొన్న మాఘంలో పెళ్ళై వచ్చింది, ఆ పిల్లని చెయ్యి పట్టి లాగాను. ఆ పిల్ల నిలబడ్డ చోట పురుగులు మట్టి పోసేశాయి. గండి అంత మేర తగ్గింది. ఇంకొకామెని లాగాను, అదీ పూడిపోయింది. ఒక్కొక్కరినీ కాపాడుతూ నేనే గండి మూసేస్తున్నాను. ఆఖరికి ఒక్క సన్నమ్మ వదిన మిగిలింది, ఆవిడ వెడల్పంత గండి మిగిలింది. నీళ్ళన్నీ ఆ సందులోంచే వస్తే ఆ వడి ఎలా ఉంటుంది? ఆవిడ రెండు చేతులూ రెండు వైపులా గట్టిపడిన మట్టికి తన్నిపెట్టి నిలబడింది.

"వదినా, వచ్చీ."

"రాను. ఆడిని ముద్దర ఎయ్యమను."

ఎడమగట్టు మీంచి అప్పటికే ఒక పాయ సన్నగా పొర్లుతోంది. అది లోవపేట దారి పట్టింది. నేను చేతిపెట్టె నోట కరుచుకుని వదిన పక్కకి దిగాను. నాకు ఈత రాదు. ముప్ఫై ఏళ్ళు ఏటికావలి చేసినదానికి ఈత రాదని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నీళ్ళు రొమ్ము దాటాయి. వదిన తన చెయ్యి తీసి నా నడుం పట్టుకుంది.

పెట్టె చేతిలోకి తీసుకుని ఒడ్డు వైపు చూశాను. "అసిరీ," అన్నాను. పెట్టె పైకెత్తి చాపాను.

అతను తలగుడ్డ విప్పి నడుముకి చుట్టి దిగాడు. వాడి కొడుకు వెనక్కి లాగాడు, విదిలించుకున్నాడు. కొరంబు మీద బోర్లా పడుకుని పెట్టె అందుకుని బొటనవేలు పెట్టాడు. పెట్టె ఒప్పుకోలేదు. తడివేలు. నడుం గుడ్డకి తుడిచి పెట్టాడు, ఒప్పుకోలేదు. గుడ్డా తడిదే. వాడు ఏడుస్తున్నాడో, నీళ్ళు చిందుతున్నాయో తెలియలేదు. ఆఖరికి వేలిని తన జుట్టులో దూర్చి రుద్ది, నోటితో ఊది, పెట్టాడు. పచ్చదీపం వెలిగింది.

పురుగులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి, కాళ్ళ మధ్య ఉండలతో సహా.

గట్టువలస మగాళ్ళు అప్పటికే కొరంబు మీదికి ఎక్కారు. అయినా పారలు తిరగేసే పట్టుకున్నారు. ఆ గత్తరలో కూడా ఆగారు, చూడండి. వదిన చేతిలో గునపం లేదు. కాలెత్తి మడమతో పక్క మట్టిని ఒక్క తన్ను తన్నింది. అంతే, నలభై పారలు ఒక్కసారి దిగాయి. ఇద్దరు నన్ను రెక్కలు పట్టి పైకి ఈడ్చారు. వదినని అసిరినాయుడు ఈడ్చాడు. మేం గట్టెక్కిన కాసేపటికి నడిమి గుంజలు లేచిపోయాయి, ఆ వెనకే కొరంబు సగం ఏట్లో కలిసింది.

లోవపేటలో రెండు పశువుల పాకలు పోయాయి. ఊరు ఉంది.

కావలి రోజు 213.

ఈ పుస్తకం ఇక నన్నెవరూ రాయమనలేదు. రక్షణ ఆగిపోయిందని కాగితం వచ్చింది, పేడపురుగులు బారులు తీరి లోయ దాటి వెళ్ళిపోయాయి. వదిన మళ్ళీ బెండగింజలు పెట్టుకుంది.

రెండో రోజునే కంపెనీ బండి కొండ కిందికి వచ్చింది. ఏనుగంత బండి, నేల తొలవడానికి తొండం లాంటి బరమా. బండిలో మనిషి లేడు, దూరం నుంచి నడుపుతున్నారు. అది మొదటి గుర్తు దగ్గరికి వెళ్ళేసరికి గుర్తు మీద సన్నమ్మ వదిన చాప వేసుకుని కూర్చుని ఉంది. మనిషి ఉన్నచోట ఏ యంత్రమూ దిగకూడదన్న చట్టం దానికీ ఉంది. బండి రెండో గుర్తుకి వెళ్ళింది, అక్కడ ఆ కొత్తపెళ్ళికూతురు. పద్దెనిమిది గుర్తులకీ పద్దెనిమిది మంది లోవపేట వాళ్ళే. కొండ ఊట నుంచి వాళ్ళకి చుక్క నీరు అందదు. అయినా పొద్దు పొడిచినప్పట్నుంచి పొద్దుగుంకేదాకా కూర్చుంటున్నారు. చీకటి పడ్డాక యంత్రాలు నడపకూడదు కాబట్టి సరిపోయింది.

గట్టువలసలో నాతో మాట్లాడేవాళ్ళు లేరు. నా చుట్టాలే, నా పుట్టిల్లే. కొండ అమ్మేసిందన్నారు. అసిరినాయుడు గుమ్మంలో ఎదురుపడితే తల తిప్పుకుని లోపలికి వెళ్ళాడు. వాడికి నా మీద కోపమో, తన మీద తనకో.

కావలి రోజు 222. కంపెనీ గడువులో పదిహేనో రోజు, ఆఖరిది.

రాత్రి నుంచి వాన. లోవపేటలో జ్వరాలు. పొద్దున్న కొండెక్కి లెక్క చూసుకున్నాను: పద్దెనిమిది గుర్తుల మీద పదకొండుమంది. నేనొకదాన్ని కూర్చుంటే పన్నెండు. ఆరు ఖాళీ. సన్నమ్మ వదినకి ఒళ్ళు కాలిపోతోంది. వెళ్ళి పడుకోమంటే గొడుగు నా నెత్తిన పెట్టి పక్కకి తోసింది.

ఎనిమిదింటికి బండి పైకి ఎక్కింది. అది తెలివైనది, ఖాళీ గుర్తులు ఎక్కడున్నాయో దానికి తెలుసు. ఒకటి తవ్వింది. నా కాళ్ళ కింద నేల జలదరించింది. రెండోది తవ్వింది. ఒక గుర్తు మీంచి లేచి ఇంకోదాని మీదికి పరిగెడితే లేచిన చోటికి వస్తుంది, అదీ చేసి చూశాం. మూడో గుంత కూడా పడింది. ఇక ఆ పూట ఎవరూ కూర్చోని వైపు, గట్టువలస బాట పక్కన మూడు గుర్తులు మిగిలాయి. బండి అటు తిరిగింది. ఆ మూడూ పోతే మిగిలేవి మేం కూర్చున్నవే, జ్వరంతో ఎవరు ముందు పడిపోతే వాళ్ళది. నేను నా గుర్తు సంగతే మరిచి లేచి అరుస్తూ పోయాను, కాలు జారి పడ్డాను.

బాటలో గొడుగులు కనబడ్డాయి. ఒకటి కాదు, బాట నిండా. ముందు అసిరినాయుడు, చేతిలో పీట. పీట వేసుకుని బండికి ఎదురుగా గుర్తు మీద కూర్చున్నాడు. వెనకాలవాళ్ళు మిగిలిన రెండింటి మీదా కూర్చున్నారు. కూర్చోవడానికి గుర్తుల్లేని వాళ్ళు నిలబడిపోయారు. బండి వాళ్ళ ముందు ఆగి, బరమా పైకెత్తుకుని, అలాగే ఉండిపోయింది.

కాసేపటికి అసిరినాయుడు తన చోట కొడుకుని కూర్చోబెట్టి మా వైపు వచ్చాడు. నన్ను చూశాడు, మోకాలి రక్తం చూశాడు, వెళ్ళి సన్నమ్మ వదిన ముందు నిలబడ్డాడు.

"లెగు వదినా. జొరంతో ఉన్నావు. కొండ మాది, మా సోట మేం కూకుంటాం."

"కూకో, ఎవులొద్దన్నారు," అంది వదిన. "నాను మాత్రం లెగను."

వాడు ఆవిడ చాప మీద ఆ చివర కూర్చున్నాడు. పొద్దుగుంకడానికి ఇంకా తొమ్మిది గంటలుంది, వాన తగ్గేలా లేదు.